థర్మోస్టాట్ ఎంత మీద ఉండాలి? బొగ్గు పొయ్యి నుంచి పాయింట్ కుక్ ఇళ్ల దాకా

థర్మోస్టాట్‌కు తెలిసింది ఒక్కటే: తానున్న చోట గాలి ఎంత వెచ్చగా ఉందో. పెట్టిన అంకెకన్నా గాలి చల్లబడితే వేడి కావాలంటుంది, అంకెకు చేరగానే చాలంటుంది. అడిగిన వేడి ఎంతసేపట్లో వస్తుంది, చాలన్నాక ఎంతసేపటికి ఆగుతుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అన్నవి దాని చేతిలో లేవు. అవి వేడి పుట్టించే సాధనాన్ని బట్టి, ఇంటి గోడలను బట్టి ఉంటాయి. అందుకే 20 డిగ్రీలు అన్న ఒకే అంకె బొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో ఒక రకంగా, గ్యాస్ హీటర్ ఉన్న ఇంట్లో ఇంకో రకంగా, ఏసీతో వెచ్చబడే ఇంట్లో మరో రకంగా పనిచేస్తుంది. మెల్‌బోర్న్‌కు నైరుతి దిక్కున, పోర్ట్ ఫిలిప్ అఖాతం పక్కన ఉన్న పాయింట్ కుక్‌లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. మన ఊళ్లలో పుష్యమాసంలో ఉండే చలి అక్కడ ఆషాఢ, శ్రావణాల్లో వస్తుంది. వరలక్ష్మీ వ్రతం నాటికి కూడా తెల్లవారుజామున కాళ్లు కొంకర్లు పోతాయి. పుట్టి పెరిగిన ఇంట్లో హీటర్ అన్నదే ఎరుగని వారికి, ఆ అంకె ఎంత మీద ఉంచాలన్నది ఏటా జూన్‌లో ఎదురయ్యే ప్రశ్న.

ఇళ్లలో వాడే థర్మోస్టాట్‌కు తొలి పని దొరికింది బొగ్గు కొలిమి దగ్గరే. 19వ శతాబ్దం చివర అమెరికాలో చాలా ఇళ్ల నేలమాళిగల్లో బొగ్గు కొలిమి ఉండేది. చలి వేస్తే ఎవరో ఒకరు కిందికి దిగి గాలి తలుపు తెరవాలి, ఉక్కపోస్తే మళ్లీ దిగి మూయాలి. మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ 1886లో పేటెంటు పొందిన పరికరం ఈ తిరుగుడును తప్పించింది. పై గది చల్లబడగానే గోడ మీది థర్మోస్టాట్ విద్యుత్ సంకేతం పంపేది. కింద చిన్న మోటారు తిరిగి, గొలుసును లాగి, కొలిమి గాలి తలుపును ఎత్తేది. గది వెచ్చబడితే తలుపు మూతపడేది. ఆయన పెట్టిన సంస్థ చేతులు మారుతూ పోయి చివరికి హనీవెల్ అయింది.

ఆ పరికరం మంటను వెలిగించదు, ఆర్పదు. మంటకు గాలి పెంచుతుంది, తగ్గిస్తుంది, అంతే. బొగ్గు పొయ్యికి ఏ అంకె పెట్టాలన్న విషయమంతా ఇందులోనే ఉంది. గాలి తలుపు తెరిచాక నిప్పు రాజుకుని, ఇనుప గోడలు కాగి, గది వేడెక్కేసరికి అరగంట పైనే పట్టవచ్చు. తలుపు మూశాక కూడా ఎర్రగా కాగిన బొగ్గు కుప్ప వేడినిస్తూనే ఉంటుంది. థర్మోస్టాట్ చాలన్న తరవాత గది మరో రెండు డిగ్రీలు ఎక్కడం మామూలే. పైగా బొగ్గు మంట పూర్తిగా ఆరిపోకూడదు. ఆరితే బూడిద తోడి, కట్టెలతో మళ్లీ రాజేయాలి. అందుకని బొగ్గు పొయ్యి వాడే ఇళ్లలో సెట్టింగును మాటిమాటికీ కదపరు. రోజంతా ఒకే అంకె ఉంచి, రాత్రి తగ్గించాలనుకుంటే ఒకటి, రెండు డిగ్రీలకు మించి తగ్గించరు. రాత్రి ఐదారు డిగ్రీలు దించితే మంట నీరసపడి ఆరిపోవచ్చు. ఆరకపోయినా, పొద్దున ఒక్కసారిగా అంకె పెంచడంతో గాలి తలుపు బార్లా తెరుచుకుని, రెండు గంటల తరవాత ఇల్లు ఉడికిపోతుంది.

పొయ్యితోపాటు గ్యాస్ హీటరో, కరెంటు హీటరో కూడా ఉన్న ఇళ్లలో రెండో థర్మోస్టాట్‌ను పొయ్యి అంకెకన్నా మూడు, నాలుగు డిగ్రీలు కిందికి పెడతారు. పొయ్యి బాగా మండుతున్నంత సేపూ రెండో హీటర్‌కు పని పడదు. మంట ఆరితే మాత్రం ఇల్లు గడ్డకట్టకుండా అది అందుకుంటుంది. ఇక్కడ ఒక చిక్కుంది. రెండో థర్మోస్టాట్ పొయ్యి ఉన్న గదిలోనే ఉంటే ఆ గది వెచ్చదనాన్ని చూసి ఊరుకుంటుంది, మూల గదుల్లో చలి దానికి తెలియదు. నడవలో ఉంటే రెండింటి మధ్య వేడి తెలుస్తుంది.

బొగ్గు విషయంలో అంకెకన్నా ముందు ఆలోచించాల్సింది ప్రాణం గురించి. గాలి బాగా తగ్గించిన బొగ్గు మంట కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగగొట్టంలో లాగుడు సరిగా లేకపోతే అది గదిలోకి తిరిగి వస్తుంది. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవకపోవడానికి కారణం ఇదే. థర్మోస్టాట్ ఎంత తక్కువ అడిగినా బొగ్గు పొయ్యి గాలి తలుపు పూర్తిగా మూసుకుపోకుండా తయారీదారులు కొంత సందు వదిలేది అందుకే. ఆ సందును మూసి బొగ్గు ఆదా చేద్దామనుకోవడం ప్రమాదం.

మెల్‌బోర్న్‌కు బొగ్గు వేడి పాత పరిచయమే. తూర్పున లట్రోబ్ లోయలో ఉన్నది లిగ్నైట్, అంటే గోధుమరంగు బొగ్గు. దాని బరువులో సగానికి పైగా నీరే. తవ్వినదాన్ని తవ్వినట్టు ఇళ్లలో కాల్చడం కుదరదు కాబట్టి ఆరబెట్టి, ఒత్తి, చిన్న ఇటుకల్లాంటి బ్రికెట్లు చేసేవారు. జనరల్ జాన్ మొనాష్ అధిపతిగా ఉన్న స్టేట్ ఎలక్ట్రిసిటీ కమిషన్ యల్లోర్న్‌లో 1924లో విద్యుత్తుతోపాటు బ్రికెట్ల తయారీకీ శ్రీకారం చుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాతి దశాబ్దాల్లో మెల్‌బోర్న్ ఇళ్ల హాల్లో బ్రికెట్ హీటర్, పెరట్లో బ్రికెట్ల గోనెలు మామూలు దృశ్యం. 1956లో మోర్వెల్‌లో బొగ్గు నుంచే గ్యాస్ తీసి గొట్టాల ద్వారా నగరానికి పంపారు. 1969లో బాస్ జలసంధి నుంచి సహజవాయువు రావడంతో బొగ్గు పొయ్యిలు ఒకటొకటిగా మూలపడ్డాయి. మోర్వెల్ బ్రికెట్ కర్మాగారం 2014లో ఆగిపోయింది.

పాయింట్ కుక్ ఈ మార్పు తరవాత లేచిన ఊరు. అంతకుముందు అక్కడ ప్రధానంగా ఉన్నది 1914లో శిక్షణ మొదలైన వైమానిక స్థావరం. ఇళ్లలో అత్యధికం 2000 తరవాత కట్టినవే. 2021 జనగణన నాటికి జనాభా 66 వేలు దాటింది. ఈ ఇళ్లలో పొగగొట్టం అరుదు. పైకప్పు కింద వెండి రంగు గొట్టాలు, గదిగదికీ గాలి వచ్చే జాలీ, నడవలో గాలిని వెనక్కి పీల్చే పెద్ద జాలీ, గోడ మీద చిన్న తెర: డక్టెడ్ గ్యాస్ హీటింగ్ అంటే ఇదే. కొన్నేళ్లుగా దాని స్థానంలో చల్లదనంతోపాటు వేడినీ ఇచ్చే రివర్స్ సైకిల్ ఏసీలు వస్తున్నాయి.

చలి విషయానికొస్తే, పాయింట్ కుక్ దరిదాపుల్లో జులైలో పగలు 14 డిగ్రీల వరకు, తెల్లవారుజామున 5, 6 డిగ్రీలు ఉంటుంది. రాత్రింబవళ్లు కలిపి చూస్తే సగటు 10 డిగ్రీల లోపే. మంచు కురవదు, నీళ్లు గడ్డకట్టడం అరుదు. ఇలాంటి చోట ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలన్న దానికి రెండు ప్రమాణాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 గృహ మార్గదర్శకాలు చలి ప్రాంతాల ఇళ్లలో 18 డిగ్రీలకు తగ్గకూడదనీ, వృద్ధులకూ పసిపిల్లలకూ జబ్బుపడ్డవారికీ ఇంకొంచెం ఎక్కువ అవసరం కావచ్చనీ చెబుతున్నాయి. విక్టోరియా రాష్ట్రం ఇంధన పొదుపు కోసం ఇచ్చే సలహా 18 నుంచి 20. ఆస్ట్రేలియాలో కొత్త ఇళ్లకు ఇంధన పొదుపును బట్టి నక్షత్రాలు ఇచ్చే లెక్కలో కూడా హాలుకు 20, పడకగదికి 18, అర్ధరాత్రి దాటాక పడకగదికి 15 డిగ్రీలు అనుకునే గణిస్తారు. ఇంటి కాగితాల మీద ఆరు నక్షత్రాలుండి, రాత్రంతా ప్రతి గదీ 24 మీద ఉంటే బిల్లు ఆ నక్షత్రాలకు తగ్గట్టు రాకపోవడంలో వింత లేదు.

ఒక్క డిగ్రీ పెంచితే వేడి ఖర్చు సుమారు పది శాతం పెరుగుతుందని విక్టోరియాలో తరచూ చెబుతారు. ఆ లెక్క ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని వాడుకోవడం తేలిక. ఇంట్లోంచి వేడి పోయే వేగం లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. లోపల 20, బయట 10 అయితే తేడా 10. లోపల 21 చేస్తే తేడా 11, అంటే పదో వంతు ఎక్కువ. జనవరిలో చికాగోలో బయట సగటు సున్నాకు 3, 4 డిగ్రీలు కింద ఉంటుంది. అక్కడ తేడా ఎలాగూ 23, 24 కాబట్టి ఒక డిగ్రీ పెంచితే కలిసేది నాలుగు శాతమే. అమెరికాలో ఉన్న బంధువులు 22 మీద ఉంచుతున్నారు కదా అని పాయింట్ కుక్‌లో కూడా అలాగే ఉంచితే, అక్కడికన్నా ఇక్కడ ఆ రెండు డిగ్రీలకు పడే భారం, మొత్తం ఖర్చులో వాటాగా చూస్తే, రెట్టింపు పైనే. చలి తక్కువున్న చోట ఒక్కొక్క డిగ్రీకీ విలువ ఎక్కువ. చాలామంది దీన్ని పట్టించుకోరు, కానీ ఈ అంకెలాటలో అసలు కీలకం ఇదే.

హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చినవారిలో ఏసీ అలవాటు ఒకటి ఉంటుంది. భారతదేశంలో 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు 24 డిగ్రీల మీద మొదలయ్యేలా నిబంధన ఉంది. పెంచితే పొదుపు, తగ్గిస్తే ఖర్చు అని చేతికి అలవాటైపోతుంది. హీటర్‌కు ఇది తలకిందులు. వేసవిలో పొదుపు అనిపించుకున్న 24 చలికాలంలో, 20తో పోలిస్తే, సుమారు 40 శాతం అదనపు ఖర్చు.

అయినా 20 డిగ్రీల గదిలో చలేస్తోందనే మాట నిజమే కావచ్చు. ఒంటికి తెలిసే వెచ్చదనంలో గాలిది సగం పాత్రే. మిగిలిన సగం చుట్టూ ఉన్న గోడలది, కిటికీలది, నేలది. పాయింట్ కుక్ ఇళ్లు చాలావరకు బయట ఇటుక వరస, లోపల చెక్క చట్రం, దాని మీద ప్లాస్టర్‌బోర్డ్ పద్ధతిలో కట్టినవి. బరువైన ఇటుక బయట ఉండిపోవడంతో లోపలి వేడిని దాచుకునేది తక్కువ. హీటర్ ఆగిన గంటకే ఇల్లు చల్లబడడం తెలుస్తుంది. ఒంటిపొర అద్దం కిటికీ దగ్గర పరిస్థితి ఇంకా ఇబ్బంది. బయట 5, లోపల 20 ఉన్నప్పుడు ఆ అద్దం లోపలి ముఖం 9 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాని పక్కన సోఫాలో కూర్చున్నవారి ఒంటి వేడి ఆ అద్దం వైపు పోతూనే ఉంటుంది. ఇక్కడ అంకెను 23కు పెంచడంకన్నా మందమైన కర్టెన్ నేల దాకా దించడం, టైల్స్ మీద తివాచీ పరచడం, మేజోళ్లు తొడుక్కోవడం మేలు. విక్టోరియాలో కొత్త ఇళ్లకు 2005లో ఐదు, 2011లో ఆరు, 2024 మే నుంచి ఏడు నక్షత్రాలు తప్పనిసరి అయ్యాయి. ఇల్లు ఏ ఏట కట్టారన్నది తెలిస్తే, అది వేడిని ఎంత నిలుపుతుందో కొంత అంచనా వేయవచ్చు.

డక్టెడ్ గ్యాస్ హీటర్ బొగ్గు పొయ్యికి పూర్తి వ్యతిరేకం. అడిగిన రెండు, మూడు నిమిషాల్లో వేడిగాలి వస్తుంది, ఆపగానే ఆగుతుంది. కాబట్టి ఇక్కడ రాత్రీ, ఇంట్లో ఎవరూ లేనప్పుడూ పూర్తిగా ఆపేయడమే లాభం. చల్లారిన ఇంటిని మళ్లీ వేడిచేయడానికి ఎక్కువ గ్యాస్ పడుతుంది కాబట్టి రోజంతా నడపడమే మంచిదన్న వాదన తరచు వినిపిస్తుంది. గ్యాస్ విషయంలో అది నిలవదు. ఇల్లు చల్లగా ఉన్న గంటల్లో బయటికి పోయే వేడి తక్కువ. అలా మిగిలిన వేడి, తిరిగి వేడిచేయడానికి పట్టేదానికన్నా ఎక్కువ. అలాగే త్వరగా వెచ్చబడాలని 28 పెట్టడం వల్ల మామూలు గ్యాస్ హీటర్ వేగం పెరగదు. అదే వేగంతో 20 దాటి పోతూ ఉంటుంది. పొద్దున లేచే వేళకు అరగంట ముందు 19కి, సాయంత్రం పిల్లలు ఇంటికి చేరే వేళకు 20కి, పడుకునే ముందు బందుకు టైమర్ పెట్టుకుంటే చాలా ఇళ్లకు సరిపోతుంది.

ఈ పద్ధతిలో అసలు నష్టం పైకప్పు కింది గొట్టాల్లో జరుగుతుంది. ఇరవై ఏళ్ల నాటి గొట్టాల అతుకులు ఊడి వేడిగాలి కప్పులోకి పోతుంటే, కింద గదిలో థర్మోస్టాట్ ఎంతకీ తృప్తి పడదు. కప్పులోకి ఎక్కి చూడదగిన మొదటి విషయం అదే. రెండంతస్తుల ఇంట్లో మెట్ల మీదుగా వేడి పైకి పోతుంది. థర్మోస్టాట్ కింద ఉంటే పై గదుల్లో ఉక్కపోస్తుంది. పగటి గదులు, పడకగదులు వేరువేరుగా నడిపే జోనింగ్ ఉంటే పగలు పై జోన్ మూసేయవచ్చు. జోనింగ్ లేని ఇంట్లో మాత్రం జాలీలన్నీ మూసేస్తే హీటర్‌కు గాలి అందక వేడెక్కి ఆగిపోతుంది. థర్మోస్టాట్ భుజం ఎత్తున, ఎండ పడని లోపలి గోడ మీద, జాలీకీ వంటగదికీ దూరంగా ఉండాలి. పూజగదిలో దీపారాధన జరిగే గోడకు అవతలి పక్క కూడా తగదు.

రివర్స్ సైకిల్ ఏసీ స్వభావం ఈ రెంటికీ మధ్యస్థం. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని తోడి లోపలికి తెస్తుంది. మెల్‌బోర్న్ చలిలో ఒక యూనిట్ కరెంటుకు మూడున్నర, నాలుగు యూనిట్ల వేడి ఇవ్వగలదు. నిదానంగా నడిచినప్పుడే దాని సామర్థ్యం ఎక్కువ. చల్లారిన ఇంటిని ఒక్కసారిగా వేడిచేయమంటే పూర్తి వేగంతో పరుగెత్తి సామర్థ్యం కోల్పోతుంది. అందుకని సాయంత్రం నుంచి పడుకునే దాకా ఒకే అంకె మీద వదిలేయడం, మధ్యలో గంట బయటికి వెళ్తే ఆపకుండా రెండు డిగ్రీలు తగ్గించడం మంచిది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇల్లు ఖాళీ అయితే ఆపేయడమే నయం. గోడ ఏసీతో ఇంకో మెలిక ఉంది. దాని ఉష్ణమాపకం సాధారణంగా కప్పు దగ్గర యంత్రంలోనే ఉంటుంది, వేడిగాలి చేరేది అక్కడికే. అది 22 అనుకున్నప్పుడు సోఫా ఎత్తున 20 ఉండవచ్చు. కాబట్టి ఏసీ మీద 22 పెట్టడం దుబారా కాకపోవచ్చు. గాలి రెక్కలను కిందికి వంచి, ఫ్యాన్ వేగం కాస్త పెంచితే ఆ తేడా తగ్గుతుంది. మోడ్ సూర్యుడి గుర్తు మీద ఉండాలి. ఆటో మీద ఉంచితే ఎండ పొడ వచ్చిన మధ్యాహ్నం అదే చల్లబరచడం మొదలుపెట్టవచ్చు.

ఆ కరెంటు ఎక్కడిది అంటే, విక్టోరియాలో ఇప్పటికీ పెద్ద వాటా లట్రోబ్ లోయ లిగ్నైట్‌దే. ఆ రకంగా ఏసీ పెట్టుకున్న ఇల్లు కూడా బొగ్గుతో వెచ్చబడుతున్నదే. కానీ లెక్క వేరు. అక్కడి కేంద్రాల్లో బొగ్గు వేడిలో మూడో వంతు లోపే విద్యుత్తవుతుంది. ఏసీ దాన్ని మూడున్నర, నాలుగు రెట్లు చేసి ఇస్తుంది. నష్టాలన్నీ పోగా ఇంటికి దక్కేది, అదే బొగ్గును హాల్లో పొయ్యిలో కాల్చినప్పుడు పొగగొట్టంలో పోగా మిగిలేదానికి తగ్గదు, సాధారణంగా మించుతుంది. పొగ, బూడిద, విషవాయువు ఇంట్లో ఉండవు. హేజల్‌వుడ్ కేంద్రం 2017లో మూతపడింది. యల్లోర్న్ 2028లో, లోయ్ యాంగ్ ఎ 2035లో మూతపడతాయని ప్రకటించారు. ఏసీ మీద పెట్టే అంకె వెనక బొగ్గు వాటా ఏటేటా తగ్గుతుంది. గ్యాస్ హీటర్‌కు ఆ అవకాశం లేదు.

రాత్రి సెట్టింగు విషయంలో అనవసరమైన భయాలు ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి మంచి రగ్గు ఉంటే పడకగది 15, 16 డిగ్రీలున్నా నిద్ర చెడదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రాత్రంతా 24, 25 నడపడం తెలుగిళ్లలో కనిపిస్తుంది. చలి తగులుతుందన్న తల్లిదండ్రుల బెంగ అర్థం చేసుకోదగినదే, కానీ నిద్రలో బిడ్డ ఒళ్లు కాగిపోవడమే ఎక్కువ ప్రమాదం. శిశు నిద్ర భద్రత కోసం పనిచేసే రెడ్ నోజ్ సంస్థ గదికి ఫలానా ఉష్ణోగ్రత ఉండాలని పట్టుబట్టదు. తల కప్పకుండా, వాతావరణానికి తగిన బట్టలు వేయమంటుంది. చేతులు చల్లగా ఉన్నాయని కాక ఛాతీ, మెడ వెనక తాకి చూడాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యల సంగతి వేరు. ఏడాదిలో చాలా భాగం 30 డిగ్రీలకు అలవాటుపడ్డ ఒళ్లు, పైగా రక్తపోటు మందులు. వారున్న గది పగలు 21, రాత్రి 18కి తగ్గకుండా ఉంచడం న్యాయం. అందుకోసం ఇల్లంతా 24 చేయనక్కర్లేదు, ఆ గదికి విడిగా వేడి ఏర్పాటు చేస్తే సరిపోతుంది.

వేడితోపాటు తేమను కూడా చూడాలి. అన్నం వార్చినా, ఇడ్లీ పెట్టినా, ఉతికిన బట్టలు హాల్లో ఆరేసినా నీరు గాలిలో చేరుతుంది. 20 డిగ్రీల గాలిలో తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల ఉపరితలం మీద అది నీటిబొట్లవుతుంది. కిటికీ అద్దం 9 డిగ్రీలని ముందే చూశాం. హాలు మాత్రమే వేడిచేసి, వాడని పడకగది తలుపు సగం తెరిచి వదిలేస్తే హాల్లోని తేమ అక్కడి చల్లటి మూలల్లో చేరి నల్లటి బూజవుతుంది. ఆ గది తలుపు పూర్తిగా మూయడమో, దాన్ని కూడా 16కి తగ్గకుండా ఉంచడమో చేయాలి. వంటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

ఆ ఫ్యానే గ్యాస్ హీటర్‌తో కలిసినప్పుడు మరో జాగ్రత్త అవసరం. హాల్లో పెట్టే పాత గ్యాస్ గోడ హీటర్లలో కొన్ని గది గాలినే వాడుకుని మండుతాయి. కిటికీలు బిగించి, బలమైన ఎగ్జాస్ట్ నడిపితే పొగగొట్టంలో పోవాల్సిన వాయువు ఇంట్లోకి లాగబడుతుంది. 2010లో షెపర్టన్ పక్కన మూరూప్నాలో ఇద్దరు చిన్నారి అన్నదమ్ములు గ్యాస్ హీటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. రెండేళ్లకోసారి లైసెన్సున్న గ్యాస్ పనివారితో, మోనాక్సైడ్ పరీక్షతో సహా సర్వీసు చేయించాలని ఎనర్జీ సేఫ్ విక్టోరియా చెబుతుంది. అద్దె ఇళ్లలో 2021 మార్చి తరవాత చేసుకున్న ఒప్పందాలకు ఈ రెండేళ్ల తనిఖీ యజమాని బాధ్యత. ప్రధాన హాల్లో శాశ్వతంగా బిగించిన హీటర్ ఉండాలని కూడా నిబంధన ఉంది. అద్దెకున్నవారు దీన్ని మొహమాటం లేకుండా అడగవచ్చు.

కరెంటుతో వేడిచేసే ఇంటికి గడియారం కూడా లెక్కే. వేళను బట్టి మారే ధరల్లో విక్టోరియాలో సాధారణంగా మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 9 దాకా రేటు ఎక్కువ. కప్పు మీద సోలార్ ఉంటే, గ్రిడ్‌కు అమ్మితే వచ్చేది చాలా తక్కువ కాబట్టి, పదకొండు నుంచి మూడు మధ్య ఏసీని 22 మీద నడిపి, మూడు దాటాక 19కి దించడం లాభసాటి. నేల, సోఫాలు, లోపలి గోడలు పట్టుకున్న వేడి సాయంత్రం కొంతసేపు ఆదుకుంటుంది. గ్యాస్ ఇళ్లకు ఈ ఉపాయం పనికిరాదు.

ఏ ఇంటికైనా సరైన అంకెను తేల్చుకోవడానికి కూర్చునే ఎత్తున, కిటికీకీ జాలీకీ దూరంగా విడి థర్మామీటర్ ఒకటి పెడితే గోడ మీది తెరకూ నిజానికీ ఎంత తేడా ఉందో తెలుస్తుంది. అక్కడ 20 వచ్చేలా మొదలుపెట్టి, వారానికో డిగ్రీ తగ్గిస్తూ, ఇంట్లో పెద్దవారు శాలువా కోసం చూసే దగ్గర ఆగి, అర డిగ్రీ మళ్లీ పెంచాలి. వారాల వాడకాన్ని పోల్చేటప్పుడు బయట చలి ఎంతుందో కూడా పక్కన రాసుకోవాలి. లేకపోతే ఎండ కాసిన వారంలో తగ్గిన బిల్లును తగ్గించిన అంకె ఖాతాలో వేసుకోవడం జరుగుతుంది.